నెట్ ఉంది, అప్‌డేట్ మాత్రం కాదు: ఐపీవీ4, ఐపీవీ6 మధ్య ఎక్కడ తెగుతోంది?

హనుమకొండ నయీంనగర్‌లో మా మిత్రుడొకడు కంప్యూటర్ కోచింగ్ సెంటర్ నడుపుతున్నాడు. పన్నెండు డెస్క్‌టాప్‌లు, అన్నింట్లోనూ విండోస్ బదులు కాస్త పాత ఉబుంటు, అంటే లైనక్స్‌లో ఒక రకం. డిగ్రీ పిల్లలు వచ్చి పైథాన్ నేర్చుకుంటారు. వానాకాలంలో ఒకరోజు ఫోన్ చేశాడు.

"అన్నా, నెట్ మంచిగనే వస్తంది. యూట్యూబ్ నడుస్తంది, వాట్సాప్ వెబ్ నడుస్తంది. అప్‌డేట్ పెడితే మాత్రం సున్నా పర్సెంట్ కాడనే ఆగుతంది. కేబుల్ ఆయన్ను రెండుసార్లు పిలిపించిన. స్పీడ్ టెస్ట్ చూపెట్టి, మా దిక్కు నుంచి అంతా ఓకే అని పోతున్నడు. ఏం లొల్లి ఇది?"

ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడటం లేదు. చిక్కంతా 'నెట్' అనే మాటలోనే ఉంది. మనం ఒకటే అనుకునే నెట్, నిజానికి ఒకే తీగ మీద నడిచే రెండు వేర్వేరు ఏర్పాట్లు. ఒకటి తెగినా రెండోది నడుస్తూనే ఉంటుంది. స్పీడ్ టెస్ట్ నడిచేదాని మీద పోయి వస్తుంది. అప్‌డేట్ తెగినదాన్ని పట్టుకుని వేలాడుతుంది.

గేటు మీద రెండు నంబర్లు

నెట్‌లో ఉన్న ప్రతి యంత్రానికీ ఒక చిరునామా కావాలి. ఆ చిరునామా ఎలా ఉండాలి, దాన్ని చూసి డేటా పొట్లాలను ఎలా చేరవేయాలి అన్న నియమాలే ఇంటర్నెట్ ప్రోటోకాల్, పొట్టిగా ఐపీ. ఇప్పుడు వాడుకలో దీనివి రెండు వెర్షన్లున్నాయి. 1981లో ఖరారైనది నాలుగోది, ఐపీవీ4. 8.8.8.8 అని చుక్కలతో కనిపించేది ఇదే. 1998లో ప్రమాణంగా రాసుకున్నది ఆరోది, ఐపీవీ6. ఇందులో చిరునామా 2001:4860:4860::8888 అని కోలన్లతో, తరచుగా మధ్యమధ్య ఇంగ్లిష్ అక్షరాలతో పొడుగ్గా ఉంటుంది. ఇక్కడ రాసిన రెండూ ఒకరివే, గూగుల్ పబ్లిక్ డీఎన్ఎస్‌వి. (సైటు పేరు చెబితే దాని చిరునామా వెతికిచ్చేది డీఎన్ఎస్.) (ఐదో వెర్షన్ ఏమైందని అడిగేవాళ్లు ఎప్పుడూ ఒకరుంటారు. మాట, బొమ్మ పంపడానికి చేసిన ఒక ప్రయోగానికి ఆ అంకెను ముందే ఇచ్చేశారు. అది జనంలోకి రాలేదు.)

మన ఊళ్లలో గేటు పక్కన పాత ఇంటి నంబరు ఒకటి, కొత్త ఇంటి నంబరు ఒకటి రాసి ఉంటాయి కదా, అలాగే ఇప్పుడు చాలా సర్వర్లకు, చాలా ఇళ్ల కంప్యూటర్లకు రెండు చిరునామాలూ ఉంటాయి. పోలిక ఇక్కడితో సరి. పాత నంబరు పట్టుకుని వచ్చినవాడూ, కొత్త నంబరు పట్టుకుని వచ్చినవాడూ ఒకే రోడ్డు మీద వస్తారు. ఐపీవీ4, ఐపీవీ6కు రోడ్లు కూడా వేరు. ఒకదాని మీద బయల్దేరిన పొట్లం మధ్యలో రెండోదానిలోకి దానంతట అది మారలేదు. మీటర్ గేజ్ బండి బ్రాడ్ గేజ్ పట్టాలెక్కనట్టే. మారాలంటే ఒక జంక్షన్ కావాలి, అక్కడ సరుకు దించి ఎక్కించే యంత్రం కావాలి.

రెండో రోడ్డు ఎందుకు వేశారంటే మొదటిదానిలో నంబర్లు అయిపోయాయి. ఐపీవీ4 చిరునామా 32 బిట్లు. అంటే మొత్తం 4,29,49,67,296. ప్రపంచ జనాభాకు తలా ఒకటి కూడా రాదు. ప్రపంచ స్థాయిలో పంచే సంస్థ దగ్గర చివరి గంపగుత్త కట్టలు 2011 ఫిబ్రవరి 3న అయిపోయాయి. మన ఆసియా పసిఫిక్ ప్రాంతానికి పంచే ఏపీనిక్ అదే ఏడాది ఏప్రిల్ 15న అడుగంటింది, అప్పటి నుంచి చారెడు చొప్పున పంచడమే. మన టెలికాం శాఖ 2010 జూలైలోనే ఐపీవీ6కు మారే దారిపటం విడుదల చేసింది. అసలు ఊపు మాత్రం 2016 సెప్టెంబర్‌లో జియో రాకతో వచ్చింది. కొత్తగా వచ్చిన కంపెనీకి కోట్లమంది కస్టమర్లకు సరిపడా పాత నంబర్లు దొరికే దారి లేదు, అందుకే మొదటి నుంచీ ఐపీవీ6 మీద కట్టుకున్నారు. ఈరోజు ఐపీవీ6 వాడకంలో ప్రపంచంలోనే ముందు వరుస దేశాల్లో మనం ఉన్నాం. ఈ చిక్కు మన దగ్గర ఎక్కువగా కనిపించడానికి కారణం మనం వెనకబడటం కాదు, తొందరగా మారడమే.

మరి ఐపీవీ4 ఇంకా ఎలా నడుస్తోంది? ఒక్క నంబరును వందల ఇళ్లకు పంచి. మీ రూటర్ సెట్టింగ్స్‌లో బయటి చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు అలాంటి ఉమ్మడి కుటుంబంలో ఉన్నట్టు. 2012లో ఈ పంపకం కోసమే ఆ వరుసను ప్రత్యేకంగా కేటాయించారు. పని నడుస్తుంది గానీ, ఆ ఉమ్మడి నంబరు నుంచి ఎవరో ఆగం చేస్తే "మీరు రోబోనా" అన్న ప్రశ్న మీకూ వస్తుంది.

యూట్యూబ్‌కు లేని కష్టం అప్‌డేట్‌కు ఎందుకు?

కంప్యూటర్ ఒక సర్వర్ పేరు అడిగితే డీఎన్ఎస్ రెండు జాబితాలు ఇస్తుంది: ఐపీవీ4 చిరునామాలు, ఐపీవీ6 చిరునామాలు. రెండూ ఉంటే మామూలుగా ఐపీవీ6నే ముందు పట్టుకుంటుంది. అది నడిచే స్థితిలో ఉంటే గొడవే లేదు. అది అసలే లేకపోయినా గొడవ లేదు, ఐపీవీ4లోకి వెళ్తుంది. ఉన్నట్టు కనిపించి, పొట్లాలు మాత్రం ఎటూ చేరనప్పుడే అసలు తంటా.

బ్రౌజర్లు ఈ తంటా పడీ పడీ ఉపాయం నేర్చుకున్నాయి. దాని పేరు హ్యాపీ ఐబాల్స్. 2012లో ప్రమాణంగా రాశారు, 2017లో సరిదిద్దారు. పద్ధతి సులువు. ముందు ఐపీవీ6 తలుపు కొట్టు. సెకనులో నాలుగో వంతు, అంటే 250 మిల్లీసెకన్లలో పలకకపోతే, దాన్ని వదలకుండానే ఐపీవీ4 తలుపూ కొట్టు. ఏది ముందు తెరిస్తే అందులో దూరు. అందుకే ఐపీవీ6 పూర్తిగా చచ్చిపోయినా యూట్యూబ్ చూసేవాడికి తెలియదు. పేజీ పావు సెకను ఆలస్యంగా తెరుచుకుంటుంది, అంతే.

అప్‌డేట్ ప్రోగ్రాములన్నీ ఇలా రాసినవి కావు. వాటిలో చాలావాటిది లైనులో నిలబడే పద్ధతి. జాబితాలో మొదటి చిరునామాకు పోయి, అక్కడ గడువు ముగిసేదాకా నిలబడి, తర్వాతే రెండోదానికి పోతాయి. ఎంతసేపు నిలబడతాయో ఒక లెక్క వేద్దాం. లైనక్స్‌లో ఏళ్లుగా ఉన్న పాత లెక్క ప్రకారం, పలకని తలుపును మొదటిసారి కొట్టాక 1 సెకను ఆగి మళ్లీ కొడుతుంది, తర్వాత 2 ఆగి, 4 ఆగి, 8, 16, 32, చివరగా 64. మొత్తం 127 సెకన్లు. ప్రోగ్రాము సొంత గడువు పెట్టుకోకపోతే ఒక్కో చచ్చిన చిరునామాకు రెండు నిమిషాల పైనే. సర్వర్‌కు నాలుగు ఐపీవీ6 చిరునామాలుంటే 508 సెకన్లు, ఎనిమిదిన్నర నిమిషాలు. ఆ తర్వాతే ఐపీవీ4 వంతు వస్తుంది. అంతసేపు ఎవరు కూర్చుంటారు? మూడో నిమిషంలో కంట్రోల్ సీ నొక్కి "కాలేదు" అంటాం.

పైథాన్ పిల్లలు ప్యాకేజీలు దించుకోవడానికి వాడే పిప్ కాస్త నయం. దానికి 15 సెకన్ల గడువు ఉంది. అయినా నాలుగు చిరునామాలంటే నిమిషం. ప్యాకేజీల జాబితా ఒక సర్వర్ నుంచి, ఫైలు ఇంకో సర్వర్ నుంచి వస్తాయి కాబట్టి రెండు నిమిషాలు. అయిపోతుంది గానీ, "నెట్ స్లో" అన్న చెడ్డ పేరు కేబుల్ ఆయనకు వస్తుంది.

ఒక్కోసారి నెట్‌వర్క్ మారదు, సాఫ్ట్‌వేర్ మారుతుంది. జావాస్క్రిప్ట్ ప్రోగ్రాములు నడిపే నోడ్ జేఎస్ 2021 అక్టోబర్‌లో వచ్చిన 17వ వెర్షన్ దాకా ఐపీవీ4నే ముందు పెట్టేది. ఆ వెర్షన్ నుంచి సిస్టమ్ ఇచ్చిన వరుసనే పాటించడం మొదలుపెట్టింది. నిన్నటిదాకా బాగున్న ఇన్‌స్టాల్ ఈరోజు ఆగిపోయిందని చాలామంది జుట్టు పీక్కున్నారు. వాళ్ల ఐపీవీ6 ఎప్పటి నుంచో తెగే ఉంది, ఎవరూ ఆ దారిన పోలేదు కాబట్టి తెలియలేదు. 2023 ఏప్రిల్‌లో వచ్చిన 20వ వెర్షన్‌తో రెండు తలుపులూ కొట్టే తెలివి దానికీ వచ్చింది.

నయీంనగర్‌లో దొరికిన దొంగ

సెంటర్‌కు వెళ్లేసరికి సాయంత్రం అయింది. ఒక సిస్టమ్ ముందు కూర్చుని అప్‌డేట్ పెట్టాను. సున్నా శాతం, పక్కనే "కనెక్టింగ్ టు" అని సర్వర్ పేరు, ఆ పక్కన బ్రాకెట్‌లో కోలన్లున్న పొడుగాటి చిరునామా. సగం జవాబు ఆ బ్రాకెట్‌లోనే ఉంది. అక్కడ చుక్కల చిరునామా ఉండి ఉంటే వేరే దారిలో వెతకాల్సి వచ్చేది.

అవతలి యంత్రం పలుకుతుందో లేదో చూసే పింగ్ కమాండ్‌కు, ఐపీవీ4 దారినే పొమ్మని మైనస్ 4 తగిలించి కొడితే జవాబు టకటకా వచ్చింది. మైనస్ 6 తగిలిస్తే ఒక్క జవాబూ లేదు. ఐపీవీ6 తెగిందని ఖాయం. ఇక్కడే "ఆఫ్ చేసేయ్" అనేసి టీ తాగి రావచ్చు. కానీ మావాడు ఇంకో మాట అన్నాడు: "అన్నిటికి లేదన్నా. ఏడింటికే ఉంది. ఐదు మంచిగున్నయి."

ఒకే గది, ఒకే రూటర్, ఒకే ఉబుంటు. మరి ఐదు ఎందుకు బాగున్నాయి? ఏడింటిలో ఒకదాని చిరునామాలు తీసి చూస్తే ఐపీవీ6వి ఐదు కనిపించాయి. ఒకటి ఎఫ్ఈ80తో మొదలయ్యేది. ఇది గదిలోపల మాట్లాడుకోవడానికే, బయటికి పనికిరాదు. (సెట్టింగ్స్‌లో దీన్ని చూసి "నాకు ఐపీవీ6 ఉంది" అనుకునేవాళ్లు చాలామంది. బయటికి పోయే చిరునామాలు మన దేశంలో తరచుగా 2401, 2405, 2409 లాంటి అంకెలతో మొదలవుతాయి.) మిగతావి రెండు జతలు. జతలో ఒకటి స్థిరమైనది, ఒకటి గోప్యత కోసం అప్పుడప్పుడు మారేది. జత ఉండటం మామూలే. రెండు జతలు ఉండటం మామూలు కాదు. చిరునామాలో ముందు భాగం వీధి పేరు లాంటిది. అది పోల్చి చూస్తే ఒక జతది ఒక వీధి, ఇంకో జతది ఇంకో వీధి. బాగున్న ఐదింటిలో మాత్రం ఒక్క జతే ఉంది.

"నిన్న కరెంటు పోయిందా?"

"మొన్న రాత్రి పోయింది, అర్ధగంట. సిస్టమ్‌లు బంద్ కాలేదు, యూపీఎస్ ఉంది గదా."

తలెత్తి చూస్తే కథంతా గోడ మీదే ఉంది. డెస్క్‌టాప్‌లు, వాటి తీగలను రూటర్‌తో కలిపే ఎనిమిది పోర్టుల నెట్‌వర్క్ స్విచ్‌లు రెండు, అన్నీ యూపీఎస్ మీద. రూటర్ మాత్రం తలుపు పక్కన మేకుకు వేలాడుతూ, మామూలు ప్లగ్గులో. కరెంటు పోగానే రూటర్ ఆరిపోయింది. స్విచ్‌లు వెలుగుతూనే ఉన్నాయి కాబట్టి కంప్యూటర్లకు తీగ ఊడినట్టు తెలియలేదు. కరెంటు వచ్చాక రూటర్ లేచి, నెట్ కంపెనీని చిరునామాల వీధి అడిగితే కొత్త వీధి ఇచ్చారు. రూటర్ ఆ కొత్త వీధి పేరును గదిలో చాటింది. ఆన్‌లో ఉన్న ఏడు కంప్యూటర్లు దాన్నీ తగిలించుకున్నాయి, పాతదాన్ని మాత్రం వదల్లేదు. బయటికి పోయేటప్పుడు పాత చిరునామానే 'నుంచి' అని రాసి పంపుతున్నాయి. ఆ పొట్లాలు అటు పోయినా, జవాబు వచ్చేది ఇప్పుడు మనది కాని వీధికి. ఆ రాత్రి షట్‌డౌన్ అయి ఉన్న ఐదు సిస్టమ్‌లు పొద్దున కొత్తగా లేచి కొత్త వీధినే తెలుసుకున్నాయి. పిల్లల ఫోన్లకూ ఇబ్బంది లేదు, రూటర్ ఆరినప్పుడు వైఫై తెగి, మళ్లీ కలిసినప్పుడు కొత్త చిరునామాలు తీసుకున్నాయి.

పాతదాన్ని ఎందుకు వదల్లేదంటే, రూటర్ చిరునామాల ముందు భాగాన్ని చాటేటప్పుడు దానికి గడువు కూడా చెబుతుంది. ప్రమాణంలో రాసుకున్న డిఫాల్ట్ గడువు ఏడు రోజులు మామూలుగా వాడుకో, ముప్పై రోజుల దాకా చెల్లుతుంది అని. హఠాత్తుగా వీధి మారితే, "పాతది ఇక చెల్లదు" అని సున్నా గడువుతో చాటడం రూటర్ ధర్మం. కానీ ఆరిపోయి లేచిన రూటర్‌కు పాత వీధి గుర్తే ఉండదు. ఈ ఇబ్బందిని 2021లో ప్రమాణాలు రాసేవాళ్లు విడిగా ఒక పత్రంలో వివరించారు. గడువులు తగ్గించాలని, పాత వీధిని రూటర్ గుర్తుంచుకుని రద్దు చేయాలని ఇంకో పత్రంలో సూచించారు. గోడకు వేలాడే రూటర్లు అన్నిట్లోకీ ఆ సూచన ఇంకా దిగలేదు.

ఆ ఏడింటిలో ఒకదానికి స్విచ్ దగ్గర తీగ తీసి మళ్లీ పెట్టాను. పాత జత మాయమైంది. అప్‌డేట్ పెడితే సున్నా దాటి పరిగెత్తింది. రీస్టార్ట్ చేసినా ఇదే జరిగేది. "రీస్టార్ట్ చేస్తే పోతది, నాలుగు రోజులకు మళ్లొస్తది" అని మావాడు ముందే అన్నాడు. ఆ నాలుగు రోజులకు, కరెంటుకు మధ్య లంకె ఎవరూ వేసుకోలేదు.

తెర మీది అంకెలకు అర్థం ఉంది

అప్‌డేట్ విఫలమైనప్పుడు కనిపించే అంకెలను ఎవరూ చదవరు. లైనక్స్‌లో మూడు అంకెలు మూడు వేర్వేరు కథలు చెబుతాయి. 101 అంటే నా దగ్గర ఆ వైపు రోడ్డే లేదు అని మీ కంప్యూటరే చెప్పడం. ఇది వెంటనే వస్తుంది. సర్వర్‌కు ఐపీవీ6 చిరునామా ఉండి, మీ ఇంట్లో ఐపీవీ6 లేనప్పుడు జాబితాలో ఇది కనిపిస్తుంది, చాలాసార్లు అది అసలు రోగమే కాదు, పక్కనున్న ఐపీవీ4 వరుస ఎందుకు విఫలమైందో చూడాలి. 110 అంటే పంపాను, గడువు దాకా చూశాను, ఉలుకూ పలుకూ లేదు అని. నయీంనగర్‌ది ఈ జాతి. 111 అంటే అవతలివాడు ఉన్నాడు, తలుపు తీయనన్నాడు అని. ఇది రోడ్డు తప్పు కాదు.

విండోస్ అప్‌డేట్‌లో కోడ్ 80072ఈఈ2 అని వస్తే గడువు ముగిసిందని, 80072ఈఈ7 అని వస్తే పేరుకు చిరునామానే దొరకలేదని. మొదటిది ఐపీవీ6 తెగడం వల్ల కావచ్చు, రాకపోకలను వడగట్టే ఫైర్‌వాల్ వల్ల కూడా కావచ్చు. రెండోది ఎక్కువగా డీఎన్ఎస్ సంగతి. డిస్క్ నిండిపోవడం, గడియారం తప్పుగా ఉండటం లాంటి మామూలు కారణాలకు వేరే కోడ్‌లు, వేరే సందేశాలు ఉంటాయి. ప్రతి పాపాన్నీ ఐపీవీ6 నెత్తిన రుద్దడం కూడా తప్పే.

పింగ్ వెళ్తుంది, ఫైలు రాదు

ఇంకో రకం మరీ మాయదారిది. మైనస్ 6 పింగ్‌కు జవాబు వస్తుంది, సర్వర్ కనెక్ట్ అయినట్టు చూపిస్తుంది, ఆ తర్వాత కదలదు. ఇది పొట్లం సైజు గొడవ.

మామూలు నెట్‌వర్క్ తీగ మీద ఒక పొట్లం మహా అయితే 1500 బైట్లు. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ పెట్టి కలిసే పీపీపీఓఈ రకం బ్రాడ్‌బ్యాండ్‌లో 8 బైట్లు ఆ ఏర్పాటుకే పోయి, 1492 మిగులుతాయి. దూరపు సర్వర్‌కు మన ఇంటి సన్నటి దారి సంగతి తెలియదు. అది 1440 బైట్ల సరుకు, దాని మీద ఐపీవీ6 చీటీ 40, పొట్లాలు వరుస తప్పకుండా చేరేలా చూసే టీసీపీ చీటీ 20, కలిపి 1500 పంపుతుంది. 8 బైట్లు ఎక్కువ. ఐపీవీ4లో అయితే దారిలో రూటర్ ఆ పొట్లాన్ని రెండుగా కోసి పంపే వీలు నియమాల్లోనే ఉంది. ఐపీవీ6లో దారిలో కోయడం నిషేధం. దారిలోని రూటర్ "పొట్లం పెద్దది, చిన్నగా కట్టు" అని సర్వర్‌కు చీటీ పంపాలి. ఆ చీటీని మధ్యలో ఏ అతిజాగ్రత్త ఫైర్‌వాల్ అయినా ఆపేస్తే సర్వర్‌కు విషయం తెలియదు, అవే పెద్ద పొట్లాలు పంపుతూనే ఉంటుంది, ఒక్కటీ చేరదు.

పింగ్ పొట్లం చిన్నది కాబట్టి దూరిపోతుంది. కనెక్షన్ కలిపే తొలి పలకరింపులూ చిన్నవే. సర్వర్ తానెవరో రుజువు చేసే సర్టిఫికెట్ పంపేటప్పుడు మొదటిసారి నిండు పొట్లం బయల్దేరుతుంది, సరిగ్గా అక్కడ ఆగుతుంది. చాలా రూటర్లు మొదటి పలకరింపులోనే "నాకు ఇంతకు మించి పంపకు" అని అంకె దిద్ది ఈ గండం దాటిస్తాయి. ఐపీవీ4కు దిద్ది, ఐపీవీ6కు మరిచిపోయిన రూటర్లూ ఉన్నాయి.

తప్పు మనింట్లో లేనప్పుడు

సర్వర్ వాళ్లు డీఎన్ఎస్‌లో ఐపీవీ6 చిరునామా పెట్టి, ఆ వైపు సర్వీసును చూసుకోవడం మరిచిపోతారు. వాళ్లూ యూట్యూబ్ చూసే బ్రౌజర్‌తోనే పరీక్షిస్తారు కదా. అద్దం తిప్పితే ఇంకో బొమ్మ: చవగ్గా దొరుకుతుందని ఐపీవీ6 మాత్రమే ఉన్న క్లౌడ్ సర్వర్ తీసుకుంటే, ఐపీవీ4 మాత్రమే ఉన్న చోట నుంచి కోడ్ దించుకోలేరు. ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్ లాంటి పెద్ద చోటే చాలా ఏళ్లు ఐపీవీ6 చిరునామా లేకుండా నడిచింది. ఆఫీసు ఫైర్‌వాల్‌లో అప్‌డేట్ సర్వర్ల ఐపీవీ4 చిరునామాలకే అనుమతి రాసి ఉండటం, వీపీఎన్ ఐపీవీ4ను మాత్రమే సొరంగంలోంచి పంపి ఐపీవీ6ను గాలికి వదిలేయడం, ప్రోగ్రాములను విడివిడి డబ్బాల్లో పెట్టి నడిపే డాకర్‌లో, డబ్బాలోపల మామూలుగా ఐపీవీ6 లేకపోవడం, ఇవన్నీ ఈ కుటుంబానికి చెందినవే.

"ఫోన్ హాట్‌స్పాట్ పెడితే అప్‌డేట్ అయింది, కాబట్టి బ్రాడ్‌బ్యాండ్ వాడిదే తప్పు" అన్న వాదన బాగా వినిపిస్తుంది. అది పూర్తి రుజువు కాదు. మొబైల్ నెట్‌వర్క్ లోపల ఐపీవీ6 మాత్రమే ఉన్నా, ఫోన్ లోపల ఒక చిన్న అనువాదకుడు, కంపెనీ దగ్గర ఒక పెద్ద అనువాదకుడు కూర్చుని ఐపీవీ4 పొట్లాలను మార్చి పంపుతారు. పైన చెప్పిన జంక్షన్ ఇదే. ఆండ్రాయిడ్‌లో ఇది 2013 నుంచి ఉంది. ఆపిల్ వేరే దారి పట్టింది. ఐపీవీ6 మాత్రమే ఉన్న నెట్‌వర్క్‌లో నడవని ఐఫోన్ యాప్‌లను 2016 జూన్ 1 నుంచి ఒప్పుకోనంది. హాట్‌స్పాట్‌తో పని జరిగితే మారింది దారి ఒక్కటే కాదు, చిరునామా, పొట్లం సైజు, డీఎన్ఎస్ అన్నీ మారాయి. నయీంనగర్‌లో హాట్‌స్పాట్‌తో అప్‌డేట్ అయ్యేది, తప్పు మాత్రం రూటర్ ప్లగ్గుది.

ఆపేస్తే పోలా?

రిపేర్ చేసే కుర్రాళ్లు చెప్పే మొదటి మందు ఐపీవీ6 ఆఫ్ చేయడం. దీన్ని తీసిపారేయలేం. రేపు పొద్దున ఆన్‌లైన్ పరీక్ష ఉన్న సెంటర్‌కు ఈ రాత్రి సిస్టమ్‌లు నడవడం ముఖ్యం. ఇల్లు, చిన్న దుకాణం స్థాయిలో ఐపీవీ4తోనే ఇవాళ దాదాపు అన్ని సైట్లూ తెరుచుకుంటాయి. పాక్షికంగా తెగిన ఐపీవీ6 కన్నా అసలు లేని ఐపీవీ6 మేలన్నది సాంకేతికంగా నిజం కూడా.

అవతలి వాదనకూ బలం ఉంది. విండోస్‌లో ఐపీవీ6ను పూర్తిగా తీసేయవద్దనే మైక్రోసాఫ్ట్ చెబుతుంది, అది విండోస్ విస్తా నుంచి సిస్టమ్‌లో తప్పనిసరి భాగమని, తీసేస్తే కొన్ని భాగాలు పనిచేయకపోవచ్చని వాళ్ల మాట. దాని బదులు విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే రిజిస్ట్రీలో, ఐపీవీ4కు ముందు వరుస ఇచ్చే మార్పును సూచిస్తుంది. లైనక్స్‌లోనూ చిరునామాల వరుస రాసే ఫైల్‌లో ఒక్క గీత మారిస్తే అదే జరుగుతుంది. ఉబుంటు అప్‌డేట్ ఒక్కదానికే ఐపీవీ4 వాడమని చెప్పే సెట్టింగ్ వేరే ఉంది. వీటిలో ఐపీవీ6 బతికే ఉంటుంది, ముందు వరుసలో మాత్రం ఉండదు. నెట్‌వర్క్ ఇంజినీర్లకు ఇదీ అంతగా నచ్చదు. అందరూ ఇలా చేస్తే తెగిన రోడ్డు మీద ఫిర్యాదే రాదు, రోడ్డు ఎప్పటికీ బాగుపడదు, ఉమ్మడి ఐపీవీ4 మీద బరువు పెరుగుతుంది అంటారు.

నాకు రెండో పక్షం వైపే కాస్త మొగ్గు, ఒక షరతుతో. రోడ్డు ఎక్కడ తెగిందో కనుక్కునే ఓపిక, సమయం ఉన్నవాళ్లకే ఆ మాట చెప్పాలి. కౌంటర్ ముందు పదిమంది నిలబడి ఉన్నవాడికి చెప్పకూడదు.

కంపెనీలు ఇంటింటికీ ఎప్పుడూ ఒకే వీధి ఇవ్వాలా, కరెంటు పోయిన ప్రతిసారీ మార్చవచ్చా అన్నది ఇంకో వాదన. యూరప్‌లో నెట్‌వర్క్‌లు నడిపేవాళ్ల వేదిక రైప్ 2017లో రాసుకున్న సిఫారసు స్థిరంగా ఇవ్వమనే చెబుతుంది. మార్చడానికీ కారణాలు చెబుతారు: గోప్యత ఒకటి, కంపెనీ వైపు లెక్కలు సులువుగా ఉండటం ఇంకొకటి.

నయీంనగర్‌లో ఆ సాయంత్రం రూటర్‌ను మేకు మీంచి తీసి, యూపీఎస్ పక్కన బల్ల మీద పెట్టాం. మరునాటి రాత్రి కరెంటు పోయి వచ్చింది. పన్నెండింటిలోనూ ఒక్కో జతే. రెండు వారాలు ప్రశాంతంగా గడిచాయి. తర్వాత ఒకరోజు పెద్ద గాలివానకు నాలుగు గంటలు కరెంటు లేదు, వీధి చివర కేబుల్ వాళ్ల డబ్బాలో బ్యాటరీ కూడా అయిపోయింది. మావాడి రూటర్ వెలుగుతూనే ఉంది, అవతలి వైపు ఆరి లేచింది, మళ్లీ కొత్త వీధి వచ్చింది. ఈసారి పాత వీధిని రూటర్ స్వయంగా రద్దు చేసి చాటాల్సింది. చాటలేదు. పొద్దున్నే ఫోన్.

"అన్నా, ఈసారి పన్నెండుకు పన్నెండు. తీగ తీసి పెట్టాల్నా?"